ఆడితే మనసు తేలికవుతుంది, ఎందుకు?

టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లలకు రోజంతా లెక్కలే. ఎంత తిన్నాం, ఎన్ని యూనిట్ల ఇన్సులిన్ వేసుకోవాలి! దానికి తోడు రక్తంలో చక్కెర పెరిగినా తగ్గినా చిరాకు, నీరసం. మెదడుకు ప్రధాన ఇంధనం గ్లూకోజే మరి.

ఆడేటప్పుడు కండరాలు ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే గ్లూకోజును లాక్కుంటాయి. ఎండార్ఫిన్ల వంటి రసాయనాలు పెరిగి హుషారొస్తుంది. రాత్రి నిద్ర బాగా పడుతుంది. నలుగురితో కలిసి ఆడితే ‘నేనొక్కణ్ణే వేరు’ అన్న దిగులూ తగ్గుతుంది. నా దృష్టిలో పెద్ద లాభం ఇదే. మధుమేహం ఆటకు అడ్డేం కాదు. పాకిస్తాన్ బౌలర్ వసీం అక్రమ్‌కు 1997లో మధుమేహం బయటపడింది. అయినా 2003 ప్రపంచకప్ దాకా ఆడాడు.

అయితే మైదానంలోకి దిగేముందు గ్లూకోమీటరుతో చూసుకోవాలి. ఆట మధ్యలో చేతులు వణికినా, చెమటలు పట్టినా, ఊరికే కోపం ముంచుకొచ్చినా వెంటనే ఆగాలి. చక్కెర 70 mg/dL కన్నా తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు పొడి నీళ్లలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించుకోవాలి. ఆట ముగిసిన కొన్ని గంటలకు, నిద్రలో కూడా చక్కెర పడిపోవచ్చు. కాబట్టి ఇన్సులిన్ మోతాదు, పడుకునేముందు తినేదాని గురించి డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి.

మీ క్లాసులో ఇలాంటి స్నేహితులుంటే జట్టులోకి తప్పక పిలవండి. వాళ్ల గ్లూకోజు పొట్లం ఏ జేబులో ఉందో కూడా అడిగి తెలుసుకోండి.