లక్షాధికారి బిస్కెట్టు మన పొయ్యి మీద

బేకరీ అద్దాల వెనక మూడు పొరల ముక్క ఒకటి కనిపిస్తుంటుంది. కింద బిస్కెట్టు, మధ్యలో గోధుమరంగు పాకం, పైన చాక్లెట్టు. దీనికి ఆధారం స్కాట్లాండు వారి షార్ట్‌బ్రెడ్. వెన్న ఖరీదైన రోజుల్లో అక్కడివారు దాన్ని కొత్త సంవత్సరం లాంటి పండుగలకే చేసుకునేవారు. పైన మరో రెండు పొరలు చేరేసరికి అది ‘మిలియనీర్స్ షార్ట్‌బ్రెడ్’ అయింది. మిలియను అంటే పది లక్షలు కాబట్టి మనం లక్షాధికారి బిస్కెట్టు అందాం. పేరు చూసి, ఇంట్లో ఓవెన్ లేదని చూసి, ఇది మన ఇళ్ళలో అయ్యే పని కాదని హాస్టల్లో చాలామంది అనుకుంటారు. పూర్వ విద్యార్థులం మేము ఒప్పుకోము. ఇందులో ఉన్న పనులన్నీ మన అమ్మలకు వచ్చినవే.

అడుగు పొరకు లెక్క సులువు. తూకంలో మైదా 3 పాళ్ళు, వెన్న 2, పంచదార 1. అంటే 150 గ్రాములు, 100, 50. జంతికల పిండిలో వెన్న ఎందుకు కలుపుతారో గుర్తు చేసుకోండి. కొవ్వు పిండి రేణువులను కప్పేస్తే తడి వాటికి సరిగా అందదు. మైదాలోని మాంసకృత్తులు సాగే జిగురుగా మారవు. అందుకే గుల్లగా వస్తుంది. ఇక్కడ ‘షార్ట్’ అంటే పొట్టి కాదు, గుల్ల అనే అర్థం. కనుక నీళ్ళు పోయకండి, చపాతీ పిండిలా మర్దించకండి. పంచదార పొడి చేసి వెన్నతో, మైదాతో కలిపి, ముద్ద కట్టగానే ఆపండి. 7 అంగుళాల గుండ్రటి కేకు గిన్నెలో వెన్న కాగితం పరిచి, ముద్దను సమంగా అదిమి, ఫోర్కుతో అక్కడక్కడ గుచ్చాలి.

ఇక ఓవెన్ సంగతి. కింద నిప్పు, మూత మీద నిప్పులు పెట్టి దిబ్బరొట్టె కాల్చిన ఊళ్ళు మనవి. సూత్రం అదే, చుట్టూ వేడిగాలి ఉండాలి. మందపాటి పాత గిన్నెలో 2 కప్పుల ఉప్పు పోసి, స్టాండు పెట్టి, మూతపెట్టి 10 నిమిషాలు వేడి చేయండి. తర్వాత కేకు గిన్నె దించి సన్నని సెగ మీద 30 నుంచి 40 నిమిషాలు ఉంచితే అంచులు లేత బంగారు రంగుకు వస్తాయి. కుక్కరు వాడితే రబ్బరు, విజిల్ తీసెయ్యాలి. చిన్న తరగతుల తమ్ముళ్ళు, చెల్లెళ్ళు పెద్దవాళ్ళు పక్కన ఉంటేనే పొయ్యి దగ్గరికి వెళ్ళండి.

రుచంతా మధ్య పొరలో ఉంది. 200 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్, వెన్న 50 గ్రాములు, పంచదార 50 గ్రాములు అడుగు మందంగా ఉన్న గిన్నెలో వేసి, సన్నని సెగ మీద కలుపుతూనే ఉండాలి. కోవా చేసినవాళ్ళకు ఈ ఓపిక చెప్పనక్కరలేదు. పాలలోని మాంసకృత్తులు, చక్కెరలు వేడికి కలిసి రంగు, వాసన మారతాయి. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మెయిలార్డ్ పేరుతోనే ఈ చర్యను పిలుస్తారు. బెల్లం వేయాలనిపిస్తుంది గానీ పాలు విరిగే భయం ఉంది, వద్దు. చల్లని నీటిలో చుక్క వేస్తే మెత్తని ఉండ కట్టాలి. మన ఉండపాకం పరీక్షే. థర్మామీటరు ఉన్నవారికి అది సుమారు 115 డిగ్రీల సెల్సియస్. చల్లారిన బిస్కెట్టు మీద దాన్ని పోసి, గంటసేపు వదిలెయ్యండి.

పై పొరకు 100 గ్రాముల చాక్లెట్టును వేడినీటి గిన్నె మీద పెట్టి కరిగించాలి. ఒక చెంచా వెన్న కలిపితే కోసేటప్పుడు పగలదు. ఒక్క నీటిచుక్క పడ్డా గట్టిపడి గడ్డకడుతుంది, జాగ్రత్త. మే నెలలో ఈ పని పెట్టుకోవద్దని మా సలహా. చాక్లెట్టులోని కొవ్వు 34 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, మన ఎండలకు ఫ్రిజ్ లేకపోతే గడ్డకట్టదు. సంక్రాంతి సెలవులు సరైన అదను.

కత్తిని వేడినీటిలో ముంచి, తుడిచి, కొయ్యాలి. సుమారు 20 ముక్కలు వస్తాయి. గుండ్రటి గిన్నె కాబట్టి అంచు ముక్కలు వంకరగా ఉంటాయి, అవి వండినవారి వాటా.