కండెన్సరు కొలతలు: రేడియో మొదలు బావి మోటారు వరకు

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో రేడియోయు, బావి మోటారును గల ఇండ్లు అనేకము. ఈ రెండింటి యందును కండెన్సరు అను సాధనము కానవచ్చును. కెపాసిటరు అన్నను ఇదియే. రేడియోలోనిది చింతగింజ కన్న చిన్నదై యుండవచ్చును. మోటారునకు బిగించునది చెంబంత ఉండవచ్చును. రెండును చేయు పని యొకటే: విద్యుదావేశమును తమలో నిలువ చేసికొని మరల విడుచుట. అయితే వానిపై ముద్రించు కొలతలు పలు విధములు. ఆ కొలతలను ఒకదాని నుండి మరియొకదానిలోనికి మార్చుకొను విధమును శ్రోతలకు వివరింపదలచితిమి. కొలత తప్పినచో రేడియో మూగవోవుటతో సరిపోదు. ఒక్కొక్కప్పుడు మోటారు వైండింగు కాలి, పైరునకు నీరందక పోవును.

ఒక వోల్టునకు ఒక కులూంబు ఆవేశమును నిలుపుకొను కండెన్సరు సామర్థ్యము ఒక ఫారడు. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు మైకేల్ ఫారడే (1791–1867) పేర వెలసిన ఈ కొలతను 1881లో పారిస్ నగరమున జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ అంగీకరించినది. కాని మన అవసరములకు ఫారడు మిక్కిలి పెద్దది. అందుచే దానిలో 10 లక్షలవ వంతును మైక్రోఫారడు అనిరి. మైక్రోఫారడులో వేయవ వంతు నానోఫారడు. దానిలో వేయవ వంతు పికోఫారడు. అనగా ఒక ఫారడునకు లక్ష కోట్ల పికోఫారడులు.

మానికెడు బియ్యమును తవ్వతో కొలిచినచో సంఖ్య రెండగును గాని గింజలు పెరుగవు. ఇచటను అంతే. చిన్న కొలతలోనికి దిగునపుడు మెట్టు మెట్టునకు వేయి చేత గుణింపవలెను. పెద్ద కొలతలోనికి ఎక్కునపుడు వేయి చేత భాగింపవలెను. ఇంటి పంకాలోని 2.5 మైక్రోఫారడుల కండెన్సరు 2,500 నానోఫారడులు. అదియే 25 లక్షల పికోఫారడులు.

ముద్రలను చదువుటలో రెండు మెలకువలు కావలెను. ‘ఎం.ఎఫ్.డి.’ అని యున్నచోట మొదటి అక్షరమును మిల్లీ అని భ్రమపడరాదు, అది మైక్రోఫారడే. పాత రేడియోలలో ‘ఎం.ఎం.ఎఫ్.డి.’ అని యున్నచో అది మైక్రోమైక్రోఫారడు, అనగా నేటి పికోఫారడు. ఇక చిన్న బిళ్లల వంటి కండెన్సరులపై ‘104’ అని యుండును. 10 వ్రాసి, దాని ప్రక్కన 4 సున్నలు చేర్చవలెనని దాని భావము: 1,00,000 పికోఫారడులు, లేక 0.1 మైక్రోఫారడు.

పికోఫారడు ఎంత చిన్నదో ముల్లు త్రిప్పు రేడియోలో చూడవచ్చును. మీటను త్రిప్పినపుడు లోపలి గ్యాంగు కండెన్సరు రేకులు ఒకదాని నడుమ నొకటి జారును. మధ్యతరంగములపై హైదరాబాదు కేంద్రమునకు శ్రోతలెరిగిన సంఖ్య 738 కిలోహెర్ట్జులు, విజయవాడకు 837. హైదరాబాదు వినబడునపుడు ఆ వలయమున మొత్తము 250 పికోఫారడులున్నవనుకొందము. అదే తీగచుట్టతో విజయవాడకు చేరుటకు 194 కావలెను. ఈ రెండు నగరములను వేరు చేయునది 56 పికోఫారడులు మాత్రమే! ఇట్టివి పంకా కండెన్సరులో 44 వేలకు పైగా ఇముడును.

బావి వద్ద మరియొక చిక్కు ఎదురగును. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ప్రారంభమైన పిదప, పంపుసెట్లకు కెపాసిటరులు బిగించుకొనవలెనని విద్యుత్ సంస్థలు రైతులను కోరుచు వచ్చినవి. మోటారు తన అయస్కాంత క్షేత్రమునకై లైను నుండి లాగు విద్యుత్తులో కొంత భాగమును కెపాసిటరు అక్కడనే సమకూర్చును. తీగలపై భారము తగ్గి వోల్టేజి మెరుగగును. ఐదు హెచ్.పి. మోటారునకు సాధారణముగా 2 కిలోవార్ల కెపాసిటరును సూచింతురు. ఈ కిలోవారు ఫారడు వంటి కొలత కాదు. బొక్కెన పరిమాణము వేరు. గంటలో ఎంత నీరు తోడితిమన్నది వేరు. ఫారడు మొదటి దాని వంటిది, కిలోవారు రెండవ దాని వంటిది. కావున వోల్టులు తెలియక ఒకదానిని మరియొకదానిగా మార్చుట సాధ్యము కాదు.

మూడు ఫేజుల 415 వోల్టుల, 50 హెర్ట్జుల లైనుపై ఒక కిలోవారు సుమారు 18.5 మైక్రోఫారడులకు సమానము. రెండు కిలోవార్లకు 37; డెల్టా పద్ధతిలో కలిపిన మూడు భాగములలో ఒక్కొక్కటి 12.3. అదే 2 కిలోవార్లు 440 వోల్టులకు అని ముద్రించియున్నచో మొత్తము 33 మైక్రోఫారడులే. వోల్టేజి పడిపోయి 360 అయినపుడు ఆ 37 మైక్రోఫారడులు మారవు. కాని పని మాత్రము ఒకటిన్నర కిలోవార్లకు దిగును.

కాబట్టి క్రొత్త కండెన్సరును కొనుటకు పోవునపుడు పాతదానిని వెంట తీసికొనిపోవుట మేలు. సంఖ్యను, కొలత పేరును, వోల్టులను మూడింటిని సరిచూడవలెను. క్రొత్తదానిపై ముద్రించిన వోల్టులు పాతదాని కన్న తక్కువ కారాదు. మరియొక మాట: స్విచ్చి తీసివేసినను కండెన్సరులో ఆవేశము నిలిచియుండవచ్చును. పని తెలిసినవారు దానిని హరింపజేయు వరకు దాని కొనలను తాకరాదు. పిల్లలను దాని దరికి రానీయరాదు.