పగడమునకు అన్నము పెట్టుట

నల్లపూసల నడుమ మనము కూర్చుకొను పగడము రాయి కాదు, కడలిలో మొలచిన చెట్టును కాదు. అది యొక జాతి జంతువుల యస్థి. 1720 దశకమున పేసోనెల్ అను ఫ్రెంచి వైద్యుడు పగడము జంతువేయని చెప్పినప్పుడు పండితులు నమ్మలేదు. నేడు ఆ జంతువు జ్ఞాతులనే గాజుతొట్టెలో ఉప్పునీట నుంచి పెంచు వేడుక మన పట్టణములకును వచ్చినది. చేపలకు వలెనే వీనికిని ప్రతిదినము చిటికెడు మేత వేసినచో చాలునని తలచు సోదరీమణులకై ఈ నాలుగు మాటలు.

క్రొత్తగా పెంచువారు రాతిగూడు కట్టని మెత్తని జాతులను గైకొనుట మేలు. పుట్టగొడుగు పగడము, తోలు పగడము అట్టివి. తొట్టె నింపిన వెంటనే వీనిని దింపరాదు. మాలిన్యమును హరించు సూక్ష్మజీవులు రాళ్లపై కుదురుకొనుటకు నెల, నెలన్నర పట్టును.

వంటయింటి ఉప్పు పనికిరాదు. ఇందులకై అమ్ము సముద్రలవణమును, శుద్ధిచేసిన నీట లీటరునకు 35 గ్రాముల చొప్పున కలపవలయును. పొయ్యిమీది పులుసు మరిగినకొలది ఉప్పన యగునట్లే, తొట్టెలోని నీరు ఆవిరియైనకొలది లవణము హెచ్చును. కావున తగ్గినంత మేరకు శుద్ధమైన మంచినీరే పోయవలయును గాని ఉప్పునీరు పోయరాదు.

ఇక ఆహారము. ఈ పగడముల దేహములో కంటికగపడని నాచు వసించును. అద్దెకున్నవారు అద్దెకు బదులు వండిపెట్టినట్లు, ఆ నాచు వెలుతురుతో చక్కెర చేసి పగడమునకు పెట్టును. పగడము విసర్జించునది నాచునకు ఎరువగును. అనగా దీనికి ప్రధానమైన అన్నము దినమునకు ఎనిమిది, పది గంటల దీపకాంతియే. మనము పెట్టునది నంజుడు వంటిది. వారమునకు ఒకటి రెండు మారులు, నీటిని త్రిప్పు యంత్రము నాపి, అప్పుడే గ్రుడ్లనుండి వెలువడిన సన్నని ఉప్పునీటి రొయ్యపిల్లలను చిన్న గొట్టముతో పుట్టగొడుగు పగడముపై విడిచినచో, అది అంచులు మెల్లగా ముడిచి మ్రింగును. మిగిలినదానిని వెంటనే తీసివేయవలయును. క్రుళ్లిన మేతవలన నీరు చెడును. అక్కరలేని పచ్చినాచు బలిసి పగడమును కప్పివేయును.

తోలు పగడము అప్పుడప్పుడు కొన్ని దినములు ముడుచుకొని మైనము వంటి పొరను విడుచును. దానిని చూచి ఆకలియని భ్రమించి మరింత మేత పోయువారు పెక్కండ్రు. జ్వరము తగిలిన బిడ్డ నోట బలవంతముగా ముద్దలు కుక్కు ప్రేమ యిట్టిదే. అప్పుడు కావలసినది మేత కాదు, పొర కొట్టుకొనిపోవుటకు తగిన నీటి ప్రవాహము.

మన వేసవి దీనికి పెద్ద గండము. నీరు 24 మొదలు 26 డిగ్రీల వరకు ఉండుట మేలు. మిక్కిలి వేడెక్కినచో పగడము తనలోని నాచును వెడలగొట్టి తెల్లబారి, ఆకలితో కృశించును. 1998లోను, 2016లోను మన్నారు సింధుశాఖలో పగడములు ఇట్లే తెల్లబారినవి. తొట్టెపై పంకా గాలి తగిలినచో నీరు కొంత చల్లబడును. కాని త్వరగా తగ్గును గనుక మంచినీరు పోయుట మరువరాదు.

పూమొగ్గలవలె గుంపుగా నుండు జోయాంథిడ్ జాతిని, చూపున కెంత సొగసైనను, బిడ్డలున్న యింట ఉంచుమని నేను చెప్పను. వానిలో కొన్నిటియందు పాలిటాక్సిన్ అను ఘోరవిషము కలదు. చేతితొడుగులు లేక ముట్టరాదు. అవి అంటియున్న రాతిని వేడినీట కడుగుట గాని ఉడికించుట గాని చేయరాదు. ఆ యావిరి పీల్చి ఇంటిల్లిపాదియు ఆసుపత్రి పాలైన ఉదంతములు కలవు.

రామేశ్వరయాత్రకు పోయినవారు తీరమున దొరకిన పగడమును తెచ్చుకొనరాదు. రాతిపగడములను, విసనకఱ్ఱ వలె పరచుకొను సముద్రజాతులను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో చేర్చిరి. తోలు పగడమును ఇంట పెంచుకొన్నవారి నడిగి వ్రేలెడు తునక తెచ్చుకొని, రాతికి కదలకుండ కట్టినచో, కొన్ని వారములలో అదియే పట్టుకొనును.