పొదుపుగా కొనాలి, పోకుండా దాచాలి: ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఎంపిక వెనుక సైన్స్

ఫోనులో ఖాళీ లేదన్న హెచ్చరిక కనిపించగానే చాలామంది ఎక్స్‌టర్నల్ డ్రైవ్ కొనే ఆలోచన చేస్తారు. పిల్లల ఫొటోలు, స్టూడియో వాళ్లు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన పెళ్లి వీడియో, స్కాన్ చేసిన సర్టిఫికెట్లు, పొలం కాగితాలు అన్నీ ఇప్పుడు ఫైళ్లుగానే ఉంటున్నాయి. కొనడానికి వెళ్తే మాత్రం ఒకే సామర్థ్యం ఉన్న రెండు డ్రైవ్‌ల ధరల్లో చాలా తేడా కనిపిస్తుంది. ఎక్కువ డబ్బు పెడితే మన ఫైళ్లు ఎక్కువ భద్రంగా ఉంటాయా అన్నది సహజంగా వచ్చే సందేహం.

ఉండాలని లేదు. ధరలో తేడా చాలావరకు వేగానికి, దెబ్బను తట్టుకునే శక్తికి సంబంధించినది. ఎంత ఖరీదైన డ్రైవైనా ఏదో ఒక రోజు పాడవుతుంది. ఈ సంగతిని దృష్టిలో పెట్టుకుంటే తక్కువ ఖర్చుతో సరైన డ్రైవ్‌ను ఎంచుకోవడం తేలికవుతుంది.

హార్డ్ డిస్క్: తిరిగే పళ్లేలు

హార్డ్ డిస్క్ లోపల గాజు లేదా అల్యూమినియం పళ్లేలు ఉంటాయి. వాటి మీద అతి పలుచని అయస్కాంత పొర ఉంటుంది. ఆ పొరలోని సూక్ష్మ ప్రాంతాల అయస్కాంత దిశను బట్టి కంప్యూటరు సమాచారాన్ని సున్నాలుగా, ఒకట్లుగా చదువుతుంది. 1956లో ఐబీఎం సంస్థ తెచ్చిన మొదటి హార్డ్ డిస్క్‌లో 50 పెద్ద పళ్లేలు ఉండేవి. అయినా అందులో పట్టింది సుమారు 50 లక్షల అక్షరాలే. నేటి ఫోనుతో తీసే ఒకటి రెండు ఫొటోలకు అది సరిపోతుంది. బలహీనమైన అయస్కాంత సంకేతాలను కూడా పసిగట్టే ‘జెయంట్ మాగ్నెటో రెసిస్టెన్స్’ అనే ధర్మం ఆధారంగా హెడ్‌లు తయారయ్యాక డిస్కుల సామర్థ్యం ఒక్కసారిగా పెరిగింది. ఆ ధర్మాన్ని కనుగొన్న ఆల్బర్ట్ ఫెర్ట్, పీటర్ గ్రూన్‌బర్గ్‌లకు 2007లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

జేబులో పట్టే హార్డ్ డిస్క్‌ల పళ్లేలు సాధారణంగా నిమిషానికి 5,400 సార్లు తిరుగుతాయి. వాటికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో హెడ్ కదులుతుంది. మన తలవెంట్రుక మందం దానికి వేల రెట్లు ఉంటుంది. అందుకే పని చేస్తున్న డిస్క్ కింద పడితే హెడ్ పళ్లెానికి తగిలి సమాచారం పోయే ప్రమాదం ఉంది.

చౌక డిస్కుల్లో చాలావాటిలో సమాచారపు వరుసలను పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంత కప్పేలా రాస్తారు. దీనివల్ల తక్కువ చోటులో ఎక్కువ సమాచారం పడుతుంది. అయితే మధ్యలోని ఒక పెంకు మార్చాలంటే పక్కవాటినీ కదపాల్సి వచ్చినట్లే, పాత ఫైళ్లను తరచూ మారుస్తుంటే డిస్క్ నెమ్మదిస్తుంది. ఒకసారి రాసి దాచుకునే ఫొటోల విషయంలో ఇది పెద్ద ఇబ్బంది కాదు.

ఎస్‌ఎస్‌డీ: బంధించిన ఎలక్ట్రాన్లు

ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు. తోషిబా సంస్థలో ఫుజియో మసువొకా 1980లలో రూపొందించిన ఫ్లాష్ మెమరీయే దీనికి ఆధారం. ఇందులోని సూక్ష్మ గదుల్లో ఎలక్ట్రాన్లను బంధిస్తారు. ఎంత విద్యుదావేశం ఉందన్న దాన్ని బట్టి సమాచారాన్ని చదువుతారు. పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు కూడా ఈ జాతివే.

ఒక్కో గదిలో మూడు బిట్లు దాచేవాటిని టీఎల్‌సీ అని, నాలుగు బిట్లు దాచేవాటిని క్యూఎల్‌సీ అని అంటారు. గదిలో బిట్లు పెరిగే కొద్దీ ధర తగ్గుతుంది. దాంతోపాటు ఎన్నిసార్లు చెరిపి రాయవచ్చన్న పరిమితి, రాసే వేగం కూడా తగ్గుతాయి. ప్రతిసారి రాసినప్పుడు గది చుట్టూ ఉన్న విద్యుత్ నిరోధక పొర కొంచెం అరగడమే చెరిపి రాయడానికి పరిమితి ఉండటానికి కారణం.

బంధించిన ఎలక్ట్రాన్లు కాలక్రమంలో నెమ్మదిగా జారిపోతాయి. వేడి పెరిగితే ఈ జారుడు వేగం పుంజుకుంటుంది. సాధారణ వాడకపు ఎస్‌ఎస్‌డీ తన రాత పరిమితి పూర్తయిన దశలో, కరెంటు లేకుండా, 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఏడాది పాటు సమాచారాన్ని నిలుపుకోవాలన్నది జెడెక్ ప్రమాణం. కొత్త డ్రైవ్‌లు ఇంతకంటే ఎక్కువ కాలమే నిలుపుకుంటాయి. అయినా ఎస్‌ఎస్‌డీని బీరువాలో పెట్టి ఏళ్ల తరబడి మరిచిపోవడం మంచిది కాదు. వేసవిలో కారులో వదిలేయడం అసలే మంచిది కాదు.

ఏ పనికి ఏది?

ముందుగా ఎంత చోటు కావాలో లెక్క వేసుకోండి. ఒక ఫొటో 4 మెగాబైట్లు అనుకుంటే ఒక టెరాబైట్‌లో 2.5 లక్షల ఫొటోలు పడతాయి. వీడియోకు నిమిషానికి 100 మెగాబైట్లు అనుకుంటే సుమారు 166 గంటలు పడుతుంది. చాలా కుటుంబాలకు ఇది చాలు.

తర్వాత వేగం సంగతి. 100 గిగాబైట్ల వీడియోలను పాత యూఎస్‌బీ 2.0 పోర్టు ద్వారా సెకనుకు 35 మెగాబైట్ల చొప్పున పంపితే దాదాపు 48 నిమిషాలు పడుతుంది. యూఎస్‌బీ 3.0 పోర్టుకు తగిలించిన హార్డ్ డిస్క్ సెకనుకు 120 మెగాబైట్ల వేగంతో ఆ పనిని 14 నిమిషాల్లో చేస్తుంది. అదే పోర్టులో 400 మెగాబైట్ల వేగం ఉన్న ఎస్‌ఎస్‌డీకి 4 నిమిషాలు చాలు. ఇంట్లో ఉన్నది పాత పోర్టే అయితే ఖరీదైన ఎస్‌ఎస్‌డీ వేగం వృథా. నెలకోసారి ఫొటోలు దాచుకునేవారికి 14 నిమిషాలు ఎక్కువేమీ కాదు. వాళ్లకు హార్డ్ డిస్కే లాభం. రోజూ వీడియోలు ఎడిట్ చేసేవారికి, డ్రైవ్‌ను సంచిలో వేసుకుని తిరిగేవారికి ఎస్‌ఎస్‌డీ మీద పెట్టిన డబ్బు దండగ కాదు.

టీవీలో సినిమాలు చూసేందుకు కొంటుంటే ఒక విషయం గమనించాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చే విద్యుత్తు 500 మిల్లీయాంపియర్లే. కొన్ని హార్డ్ డిస్క్‌లు తిరగడం మొదలుపెట్టడానికి అది చాలదు. అలాగే ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లో 4 గిగాబైట్లు దాటిన ఫైలు పట్టదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఆ ఇబ్బంది లేదు. మీ టీవీ దాన్ని గుర్తిస్తుందో లేదో కొనేముందే చూసుకోండి.

తగ్గిన 69 ఎక్కడికి పోయాయి?

ఒక టెరాబైట్ డ్రైవ్‌ను విండోస్ కంప్యూటరుకు తగిలిస్తే 931 జీబీ అని చూపిస్తుంది. ఇందులో మోసం లేదు. తయారీదారు లెక్కలో గిగాబైట్ అంటే 100 కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో అది 2ను 30 సార్లు గుణిస్తే వచ్చే సంఖ్య, అంటే 107 కోట్లకు పైన. కొలమానం మారింది కాబట్టి అంకె తగ్గింది. బైట్లు తగ్గలేదు.

అసలు మోసం ఇక్కడుంది

కొన్ని వందల రూపాయలకే 16 టెరాబైట్ల ఎస్‌ఎస్‌డీ అంటూ ఆన్‌లైన్‌లో కనిపించేవాటిని నమ్మకండి. ఇలాంటి కొన్నింటిని విప్పి చూస్తే లోపల చిన్న మెమరీ కార్డు మాత్రమే బయటపడింది. అందులోని కంట్రోలర్ చిప్ సామర్థ్యాన్ని అబద్ధంగా చెప్పేలా ప్రోగ్రామ్ చేసి ఉంటుంది. అసలు చోటు నిండాక కొత్త ఫైళ్లు పాతవాటి మీద పడతాయి, లేదా ఎక్కడా నమోదు కావు. పేర్లు మాత్రం కనిపిస్తూనే ఉంటాయి. తెరవబోతే ఫైలు ఉండదు.

ఎఫ్3, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లు డ్రైవ్‌ను తెలిసిన సమాచారంతో పూర్తిగా నింపి, తిరిగి చదివి సరిచూస్తాయి. కొత్త డ్రైవ్‌లో మీ ఫైళ్లు పెట్టకముందే, వాపసు గడువు ముగియకముందే ఈ పరీక్ష చేయండి. బిల్లు తప్పక తీసుకోండి. బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

ఒక్క ప్రతి చాలదు

వారంటీ ఉంటే పాడైన డ్రైవ్ స్థానంలో కొత్తది ఇస్తారు. అందులోని ఫొటోలు మాత్రం తిరిగి రావు. వాటిని వెలికితీసే ప్రయోగశాలల రుసుము చాలాసార్లు డ్రైవ్ ధరను మించిపోతుంది. అందుకే ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన ‘3-2-1’ సూత్రాన్ని నిపుణులు సూచిస్తారు. మొత్తం మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు రకాల సాధనాల్లో ఉండాలి, ఒకటి ఇంటి బయట ఉండాలి.

తక్కువ బడ్జెట్‌లోనూ ఇది సాధ్యమే. ఖరీదైన పెద్ద డ్రైవ్ ఒకటి కొనే డబ్బుతో, వేర్వేరు కంపెనీల సాధారణ హార్డ్ డిస్క్‌లు రెండు కొనండి. ఒకటి ఇంట్లో ఉంచి, రెండోది ఊళ్లో అమ్మానాన్నల దగ్గరో, అన్నదమ్ముల దగ్గరో ఉంచండి. అతి ముఖ్యమైన కొన్ని కాగితాలను ఉచిత క్లౌడ్ నిల్వలోనూ పెట్టుకోవచ్చు. ఒక విషయం మరవకండి: ఫోనులో చోటు కోసం ఫొటోలన్నీ డ్రైవ్‌లోకి మార్చి, ఫోనులోంచి చెరిపేస్తే మళ్లీ మిగిలేది ఒక్క ప్రతే.

ఆరు నెలలకోసారి రెండు డ్రైవ్‌లనూ కంప్యూటరుకు తగిలించి కొన్ని ఫైళ్లు తెరిచి చూడండి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ డిస్క్ ఆరోగ్యాన్ని చూపిస్తుంది. డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని శబ్దం మొదలైతే వాడకం ఆపేయండి. రెండో ప్రతి ఉంటే దాన్నుంచి వెంటనే మరో డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. అప్పుడు పోయేది డ్రైవ్ ధర ఒక్కటే, ఫొటోలు కావు.