పాత బండికి పెద్ద యింజను

మా చెల్లెలు భర్తతోను, ఇద్దఱు బిడ్డలతోను జర్మనీదేశమున కాపురమున్నది. మా మఱదికి పాతబండ్లనిన మక్కువ మెండు. 1965వ సంవత్సరమున తయారైన ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు నొకదానిని కొని, సెలవుదినములలో తన చేతులతోనే బాగుచేసికొనుచుండును. కొంతకాలము క్రిందట చెల్లెలు నాకిట్లు వ్రాసినది:

“అక్కా! వారు ఈ బండికి పెద్ద యింజను వేసెదనని పట్టుబట్టియున్నారు. మొన్న కొండ దిగుచుండగా బ్రేకు పెడలు మెత్తబడి పాదము క్రింద లోనికి దిగిపోయినది. పిల్లలు వెనుక కూర్చుండియుండిరి. ప్రాణములు అఱచేత బెట్టుకొని ఇల్లు చేరితిమి. నా మాట వారి చెవి కెక్కుటలేదు. బావగారిచేత చెప్పింపుము.”

నాకు కావ్యములతో నున్న పరిచయము యంత్రములతో లేదు. అయినను చెల్లెలి బిడ్డల సంగతి గనుక ఊరకుండలేక, మావారి నడిగియు, పుస్తకములు తిరుగవేసియు ఈ విషయమును కొంత తెలిసికొంటిని.

ఈ బండికి రూపకల్పన చేసినవాడు ఫెర్డినాండు పోర్షే. 1938లో కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను గాని, యుద్ధము వచ్చుటచే సామాన్యప్రజలకు బండ్లు దక్కలేదు. 1945 తరువాత ఆంగ్లేయ సైనికాధికారి మేజర్ ఐవాన్ హర్స్టు ఆ కర్మాగారమును మరల నిలువబెట్టెను. 2003 జూలైలో మెక్సికోదేశమున కడపటి బండి వెలువడునప్పటికి మొత్తము 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారైనవి.

దీని యింజను వెనుకనుండును. అందు చల్లబఱచుటకు నీరు లేదు. విసనకఱ్ఱ వంటి పంకా ఒకటి గాలిని రేకుగొట్టములగుండ సిలిండర్లమీదికి తోలుచుండును. ఆ పంకా విద్యుత్తును పుట్టించు డైనమో యిరుసుమీదనే యున్నది; రెంటిని త్రిప్పునది ఒక్కటే బెల్టు. కావుననే ఈ బండిలో ఎఱ్ఱదీపము వెలిగినచో, బ్యాటరీకి విద్యుత్తు అందుటలేదని సరిపెట్టుకొని సాగిపోరాదు. బెల్టు తెగి పంకా ఆగియుండవచ్చును. తత్‌క్షణమే బండి నిలిపి చూడవలెను. ఈ యొక్క సంగతి చెల్లెలికి ఎవరును చెప్పియుండలేదట!

ఇక బ్రేకుల మాట. తొలినాటి బండ్లకు ఉక్కుతీగలతో లాగు బ్రేకులుండెడివి. 1950లో ఎగుమతి తరగతి బండ్లకు ద్రవముతో పనిచేయు బ్రేకులు వచ్చినవి. మా మఱది బండికి నాలుగు చక్రములయందును డ్రమ్ములే కలవు. చక్రముతో తిరుగు ఇనుపగిన్నె వంటిది డ్రమ్ము; దాని లోపలినుండి రెండు చెప్పులు విచ్చుకొని ఒరయుటచే చక్రము నిలుచును. కొండ దిగునపుడు ఎడతెగక ఒరసినచో గిన్నె కాగి వ్యాకోచించి చెప్పులకు దూరమగును, పట్టు సడలును. అంతకంటె భయంకరమైనది మఱియొకటి యున్నది. బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది. నీరు చేరిన ద్రవము త్వరగా మఱుగును. ద్రవమును నొక్కిన నలుగదు. ఆవిరిని నొక్కిన నలుగును. పెడలు మెత్తబడి దిగిపోవుటకు ఇదియే కారణము కావచ్చునని మావారు చెప్పిరి. ఆ ద్రవమును రెండేండ్ల కొకసారియైన మార్చుట మంచిదట. మనము ఊరగాయ జాడీలో తడి గరిటె పెట్టనీయము గదా. ఆ పాటి జాగ్రత్త దీనికిని కావలయును.

1967కు పూర్వపు బండ్లలో నాలుగు చక్రములకును ద్రవము ఒకే మార్గమున పోవును. ఎక్కడ చిన్న రంధ్రము పడినను నాలుగును పనిచేయవు. అటుపిమ్మట రెండు మార్గముల సిలిండరు వచ్చినది. ఒకటి చెడినను రెండవది బండిని ఆపును. 1966లో వెలువడిన 1500 తరగతి బండికి ముందు చక్రములయందు డిస్కులు అమర్చిరి. డిస్కు పళ్లెమువలె బయటి గాలికి తెఱపిగా నుండును గనుక వేడి త్వరగా వీడిపోవును. డ్రమ్ములకై చేసిన కొన్ని సిలిండర్లలో గొట్టములయందు కొంచెము ఒత్తిడిని నిలిపియుంచు కవాటము గలదు. డిస్కులకు అట్టిదానిని వాడినచో అవి సదా ఒరయుచు కాలుచుండును. కావున డిస్కులకు తగిన సిలిండరునే వేయవలెను. పాత రబ్బరు గొట్టములు పైకి బాగుగనే యున్నను లోపల ఉబ్బి దారి మూయును. వానిని తీసివేయుటయే మేలు.

మా మఱది కోరిక 1192 ఘన సెంటీమీటర్ల యింజను తీసి 1584 ఘన సెంటీమీటర్లది వేయవలెనని. మొదటిది 34 గుఱ్ఱముల బలముది, రెండవది 50. వేగము గంటకు 115 కిలోమీటర్లనుండి 130 వఱకు పోవును. మావారు కాగితముపై లెక్కవేసి చూపిరి: వేగము ఎనిమిదవవంతు పెరిగినచో, బండిని నిలుపుటకు బ్రేకులు భరింపవలసిన వేడి నాలుగవవంతునకు మించి పెరుగును. వేగము రెట్టింపైనచో వేడి నాలుగురెట్లు. మగవారు ముందు బలమును చూతురు, ఆపుటను తరువాత తలచెదరు. మావారు వినకుండ ఈ మాట వ్రాయుచున్నాను.

పెద్ద యింజను పాతదాని స్థానముననే నాలుగు బోల్టులతో బిగియును. కాని 12 వోల్టుల దాని ఫ్లైవీలు పెద్దది. గేర్‌పెట్టె లోపలిగోడకు తగులును. అచ్చట కొంత చెక్కి, మోటారును కూడ మార్చవలెను. యింజను చుట్టునున్న రేకులును, రబ్బరు అంచులును ఒక్కటియు లోపింపరాదు. లోపించినచో క్రింది వేడిగాలి మరల పంకాలోనికే చేరును. పొగగొట్టము పూడిన వంటయింట పొగ మన కన్నులకే తిరిగివచ్చినట్లు. ఇంకను పెద్ద సిలిండర్లను వేసి 1776 చేయువారును గలరు. బలమెక్కువైన కొలది వేడియు హెచ్చును, చల్లబఱచునది మాత్రము ఆ గాలియే. ఆ జోలికి పోవలదని మావారు గట్టిగా వ్రాసిరి. పైగా ఆ దేశమున ఇట్టి మార్పులను పరిశీలకుడు చూచి బండి పత్రములలో నమోదు చేయవలెను.

పోయిన మాసమున చెల్లెలు మరల వ్రాసినది. డిస్కులు అమరినవి, రెండు మార్గముల సిలిండరు వేసిరి, పరిశీలకుడు ఒప్పుకొనెను. పిల్లలను ఇంట విడిచి, భార్యాభర్తలిద్దఱే ఆ కొండ మరల దిగిరట. పెడలు సగము దారిలోనే గట్టిగా నిలిచినది. పెద్ద యింజను ఇంకను షెడ్డుమూల పట్టా క్రింద నున్నది. దాని రేకు ఒకటి దొరకలేదని మా మఱది వెదకుచున్నాడు.