ఈజిప్టు పూసలు: మృత్తికయు, ఫాయెన్సు

ప్రాచీన ఈజిప్టు హారములలో మట్టిపూసలును, నీలహరితచ్ఛాయ గల ఫాయెన్సు పూసలును కానవచ్చును. రెండింటిని మృణ్మయములని ఒకే గాటన కట్టుట తగదు. ఫాయెన్సున ప్రధానద్రవ్యము మట్టి కాదు, చూర్ణము చేసిన స్ఫటికశిల. దానికి కొంత క్షారము, సున్నము, వర్ణమునకై తామ్రము చేర్చి ముద్దచేసి పూసలను మలచెడివారు. పూస ఆరునపుడు లోని క్షారము తడితోపాటు పైకి వచ్చి పొరగా నిలుచును. కాల్చినపుడు ఆ పొరయే కరగి గాజుమెరుగగును. పైపూత పూయు పద్ధతియు లేకపోలేదు గాని, లోనుండి పుట్టిన ఈ మెరుగే విశేషము. ఈజిప్టువారు దీనిని 'చెహెనెత్' అనిరి, మెరయునదని అర్థము. 'ఫాయెన్సు' అనునది ఇటలీలోని ఫాయెంజా పట్టణపు మట్టిపాత్రల నుండి వచ్చిన పేరు. పాశ్చాత్యులు తగిలించిన ఆ పేరే పొరపాటు. తెనుగుచేయునపుడు దానిని మట్టియనుట రెండవ పొరపాటు.

ఈ వివేచన మన పూసలకును అవసరమే. నేటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపురమున 1940-42 నడుమ జరిగిన త్రవ్వకములలో పూసలు విస్తారముగా లభించినవి, ఎం.జి. దీక్షిత్ 1952లో వానిపై ప్రత్యేకగ్రంథమునే వెలువరించెను. మట్టిపూస, గాజుపూస, ఫాయెన్సు పూస మూడును వేర్వేరు శిల్పవిద్యలు. పట్టికలో పేరు తప్పినచో పనివాని విద్యయే మారిపోవును. పైమెరుగును నమ్మరాదు, విరిగిన అంచును చూడవలెను: ఫాయెన్సు లోపల చక్కెరవలె రేణువులు తోచును, గాజు లోపలివరకు ఏకముగా కరగియుండును.