రోగం మనది, ఫైలు వాళ్లది

పారిశుధ్య కార్మికులకు మున్సిపాలిటీ హెల్త్ క్యాంపు పెట్టిందనుకుందాం. రక్తం తీసుకుంటారు, ఎక్స్‌రే తీస్తారు. రిపోర్టులు నేరుగా కాంట్రాక్టర్ చేతికి వెళ్తాయి. ఎవరికి టీబీ ఉందో, ఎవరికి షుగర్ ఉందో జవాను అందరి ముందూ చదివేస్తాడు. వారం తిరక్కుండానే హాజరు పట్టీలోంచి ఒక కార్మికురాలి పేరు పోతుంది. ఏడాది తర్వాత ఆమె నష్టపరిహారం కోసం తన రిపోర్టు అడిగితే, "అది ఆఫీసు కాగితం, ఇవ్వం" అంటారు. నియమాలు చెప్పేది దీనికి సరిగ్గా తలకిందులు. వైద్య రికార్డు యజమానికి మూసి ఉండాలి, కార్మికులకు తెరిచి ఉండాలి.

ఇది కుల సమస్య కూడా. 'నమస్తే' పథకం కింద 2024 నాటికి కేంద్రం వివరాలు సేకరించిన సుమారు 38 వేల మంది మురుగు కాలువ, సెప్టిక్ ట్యాంకు కార్మికుల్లో దాదాపు 69 శాతం షెడ్యూల్డ్ కులాల వారే. కులాన్ని బట్టి పని, పనిని బట్టి రోగం. ఆ రోగం బయటపడితే నింద మాత్రం పని మీదికి పోదు, "వాళ్ల తాగుడు, వాళ్ల అశుభ్రత" అంటూ మనిషి మీదికే వస్తుంది.

యజమానికి ఎంతవరకు తెలియాలి?

పనికి తగిన ఆరోగ్యం ఉందా లేదా అన్నంత వరకే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1985 నాటి 171వ సిఫారసు ఇదే చెబుతుంది. పరీక్ష తర్వాత డాక్టర్ యజమానికిచ్చే కాగితంలో వైద్య వివరాలు ఉండకూడదు. ఈ పని చేయగలరా, ఏ పనులు చేయించకూడదు అన్నదే ఉండాలి.

మన దేశంలో డాక్టర్లకు వర్తించే 2002 నాటి వృత్తి ప్రవర్తన నిబంధనలు రోగి రహస్యాన్ని బయటపెట్టకూడదంటాయి. మినహాయింపులు మూడే: కోర్టు ఆదేశం, ఫలానా వ్యక్తికో సమాజానికో తీవ్రమైన ప్రమాదం, చట్టప్రకారం తెలియజేయాల్సిన జబ్బులు. క్యాంపు ఖర్చు భరించే యజమాని ఈ జాబితాలో లేడు. టీబీని 2012లో తెలియజేయాల్సిన జబ్బుగా ప్రకటించారు. అయితే తెలియజేయాల్సింది ఆరోగ్య శాఖకు, కాంట్రాక్టర్‌కు కాదు.

హెచ్‌ఐవీ విషయంలో చట్టం ఇంకా గట్టిది. ఒక ప్రభుత్వ రంగ సంస్థ హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో ఒక దినసరి కార్మికుడిని పక్కన పెట్టింది. పని చేయగలిగినంత కాలం ఆ ఒక్క కారణంతో ఉపాధి నిరాకరించడం కుదరదని 1997లో బొంబాయి హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఆయన పేరు బయటపడకుండా కేసు నడిచింది. 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ఉద్యోగానికి ముందు ఆ పరీక్ష అడగడాన్నే నిషేధించింది.

కార్మికులకు ఏం అందాలి?

అవే 2002 నిబంధనల ప్రకారం రోగి అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ప్రమాదకర పరిశ్రమల్లో ఆరోగ్య రికార్డులు కార్మికులకు అందుబాటులో ఉండాలని 1987లో ఫ్యాక్టరీల చట్టంలో చేర్చిన 41-సి సెక్షన్ చెప్పింది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోనూ ఈ నియమం ఉంది. ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 1995లో మరో అడుగు వేసింది. పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది తర్వాత వస్తే అంతవరకు రికార్డు భద్రపరచాలంది. ఊపిరితిత్తులను తినేసే రోగం బయటపడటానికి దశాబ్దాలు పడుతుంది మరి.

మురుగు కాలువ ఫ్యాక్టరీ కాదు కాబట్టి 41-సి లాంటివి అక్కడికి నేరుగా చేరవు. టెండర్ మారితే కాంట్రాక్టర్ మారతాడు, ఫైలు మాయమవుతుంది. కలుషితమయ్యే ప్రమాదం ఉన్న పనుల్లో వచ్చే అంటురోగాలకు చట్టం పరిహారం ఇస్తుంది. కానీ రోగం ఎప్పుడు మొదలైందో చెప్పే కాగితమే లేకపోతే ఆ కేసు ఎలా నిలుస్తుంది?

కొత్త చిక్కు

2023 నాటి డిజిటల్ డేటా రక్షణ చట్టం ఆరోగ్య సమాచారాన్ని ప్రత్యేక వర్గంగా చూడలేదు. పైగా 'ఉద్యోగ అవసరాల' పేరిట సమ్మతి లేకుండానే డేటా వాడుకునే వీలును 7వ సెక్షన్ యజమానికి ఇచ్చింది. ఈ మాటను ఎంత సాగదీస్తే అంత సాగుతుంది. అయినా డాక్టర్ మీదున్న గోప్యత బాధ్యతను అది తీసివేయలేదు. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గుర్తించిన గోప్యత ప్రాథమిక హక్కుగానే ఉంది.

అందుకే క్యాంపు జరిగే రోజే సంఘాలు మూడు విషయాలు పట్టుబట్టాలి. రిపోర్టు సీల్డు కవర్లో కార్మికుల చేతికే ఇవ్వాలి. కాంట్రాక్టర్‌కు 'పనికి ఫిట్', 'ఫలానా పని వద్దు' అన్న ముక్క తప్ప ఏదీ పోకూడదు. అసలు ఫైలు మున్సిపాలిటీ ఆరోగ్య విభాగంలోనే డాక్టర్ అధీనంలో ఉండాలి. రికార్డు కోసం పెట్టే అర్జీకి రసీదు తప్పనిసరిగా తీసుకోండి. 72 గంటల లెక్క ఎప్పుడు మొదలైందో చూపించే రుజువు అదే.